ఆ బొమ్మకు పెట్టిన పేరు

కృష్ణానగర్‌లో అద్దెకున్న నాలుగేళ్ళలో నేను అలారం పెట్టుకుని నిద్ర లేచిన గుర్తు లేదు. తెల్లవారుజామున నాలుగున్నర దాటగానే సందు మొదట్లో వ్యాన్ల హారన్లు మొదలయ్యేవి. పేర్లు పిలిచేవాళ్ళు, పరుగెత్తే చెప్పుల చప్పుడు, తడి జుట్టు ముడి వేసుకుంటూ మెట్లు దిగే ఆడవాళ్ళు. ఐదున్నరకల్లా వీధి మళ్ళీ నిశ్శబ్దం. ఆ వెళ్ళినవాళ్ళంతా ఆ రోజుకి ఏ పెళ్ళిలోనో చుట్టాలు, ఏ కోర్టులోనో జనం, ఏ సంతలోనో కూరగాయలు అమ్మేవాళ్ళు. రాత్రికి తిరిగొచ్చేసరికి చెవుల వెనక కాస్త రంగు మిగిలిపోయిన మామూలు మనుషులు.

కృష్ణానగర్ నుంచి కొండెక్కితే జూబ్లీహిల్స్, ఇంకాస్త పడమరకు వెళితే ఫిల్మ్ నగర్. తెలుగు సినిమా మద్రాసు నుంచి ఒక్కో పెట్టె సర్దుకుని ఇక్కడికి చేరడానికి ఇరవై ఏళ్ళ పైనే పట్టింది. అన్నపూర్ణ స్టూడియో 1976లో మొదలైనప్పుడు చుట్టూ రాళ్ళూ తుప్పలూ తప్ప ఏమీ ఉండేవి కావట. తరవాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు, ఫిల్మ్ ఛాంబరు, దైవసన్నిధానం, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముఖమే పెట్టుబడిగా బతికే ఊరు అది. కొండ మీద ఒక ముఖానికి కోట్లు. కొండ కింద ముఖాలకు రోజు కూలీ, బత్తా, మధ్యాహ్నం భోజనం.

ఆ రోజుల్లో నాకు ఫొటోల పిచ్చి. సెకండ్ హ్యాండులో కొన్న ఒక ఫిల్మ్ కెమెరా, దానికొక యాభై మిల్లీమీటర్ల లెన్సు, నెలకు మూడు తెలుపు నలుపు రోల్స్. అంటే నూట ఎనిమిది ఫొటోలు. మాది అయిదుగురి జట్టు. ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఒకాయన సినిమా పోస్టర్లకు అక్షరాలు రాసేవాడు, ఒకాయన షూటింగుల్లో స్టిల్ ఫొటోగ్రాఫరు, ఇంకొకాయనకు కృష్ణానగర్‌లోనే చిన్న కలర్ ల్యాబు. ఆదివారం సాయంత్రాలు యూసుఫ్‌గూడలో ఒక ఇరానీ హోటల్లో ఆ వారం తీసిన ప్రింట్లు బల్ల మీద పరిచి మాట్లాడుకునేవాళ్ళం. మాకు ఒకటే నియమం. పోజు పెట్టించిన ఫొటో తేకూడదు. మనిషికి తెలియకుండా, మనిషి తనలో తానుండగా తీసిందే ఫొటో. మిగతాదంతా స్టూడియో సరుకు. చుట్టూ ఉన్న ఊరంతా వేషమే కదా, మేం మాత్రం నిజాన్ని పడతాం అనే గర్వం మాది.

మా దేవుడు కార్టియే బ్రెసన్. 1952లో వచ్చిన ఆయన పుస్తకం ఒక్కటి దొరికితే చాలని ఆబిడ్స్ పాత పుస్తకాల వాళ్ళ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాం. కెమెరా మెరుపు కనపడకుండా దానికి నల్ల టేపు అంటించుకునేవాడని చదివి నేనూ అంటించాను. ఆ పుస్తకానికి ఇంగ్లీషులో 'నిర్ణాయక క్షణం' అని అర్థం వచ్చే గంభీరమైన పేరు పెట్టారు. ఫ్రెంచిలో ఆయన పెట్టుకున్న పేరు వేరు. గబగబా, దొంగచాటుగా, పోలీసు వస్తే మూట కట్టుకుని పారిపోయే వీధి వ్యాపారిలా పట్టుకున్న బొమ్మలు అన్న ధ్వని ఉందట అందులో. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇంకో సంగతి కూడా. లోకంలో అందరినీ చెప్పకుండా ఫొటోలు తీసిన ఆ పెద్దమనిషికి తనను ఎవరైనా ఫొటో తీస్తే అస్సలు గిట్టేది కాదు.

* * *

2007 ఫిబ్రవరి. ఒక మధ్యాహ్నం ఫిల్మ్ నగర్ వెనక సందుల్లో తిరుగుతున్నాను. జూబ్లీహిల్స్ వైపు దిగే మలుపులో ఒక పెద్ద బంగళా. దాని గేటు మనిషికి రెండింతల ఎత్తు. ఆ గోడ వారగా కానుగ చెట్టు నీడలో ఒకామె కూర్చుని అన్నం తింటోంది. చిరుగుల చీర, అట్టలు కట్టిన జుట్టు, మట్టి కొట్టుకున్న మోచేతులు, పక్కన సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నె. ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఏదో ఆలోచిస్తూ ఒక్క క్షణం ఆగింది. చూపు ఎటో ఉంది. వెనక ఆ ఇనప గేటు నీడ ఆమె మీద చారలు చారలుగా పడుతోంది.

మూడు ఫొటోలు తీశాను. ఆమె చూడలేదు. నేను ఆగలేదు.

ఆదివారం ఆ ప్రింటు బల్ల మీద పెట్టగానే అందరూ మాట్లాడడం మానేశారు. బ్యాంకాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. గేటు గురించి, నీడ గురించి, ఆగిపోయిన ముద్ద గురించి గంటన్నర మాట్లాడుకున్నాం. పోస్టర్లాయన ఒక్క లోపం పట్టుకున్నాడు. బొమ్మ అడుగున కుడి మూలలో ఒక జత చెప్పులూ, ఒక చేతిసంచీ ఉన్నాయి. చెప్పులు కొత్తవి, పక్కపక్కనే చక్కగా విడిచి ఉన్నాయి. సంచీ మీద మడిచిన జేబురుమాలు. "ఎవరివో ఏమో, కంటికి అడ్డం పడుతున్నాయి, అంత మేర కోసెయ్" అన్నాడు. నిజమే అనిపించింది. అడుగున అర అంగుళం కోసి మళ్ళీ ప్రింటు వేయించాను. బొమ్మ బిగిసింది. దానికి 'ఆకలి' అని పేరు పెట్టాం. ల్యాబు మిత్రుడు ముచ్చటపడి పెద్ద సైజులో వేసి, అట్టకు అంటించి, కింద పేరు రాసి, తన దుకాణం అద్దంలో పెట్టాడు.

మా స్టిల్ ఫొటోగ్రాఫరు ఆ ఆదివారం రాలేదు. ఔట్‌డోర్‌లో ఉన్నాడు. వచ్చి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది.

మూడు వారాల తరవాత ల్యాబు నుంచి ఫోను. ఎవరో ఒకావిడ వచ్చి కూర్చుంది, ఫొటో తీసినాయన వచ్చేదాకా కదలనంటోంది అని. వెళ్ళాను. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన నూలు చీర, తలలో చిన్న కనకాంబరాల దండ. నేను ఆమెను గుర్తు పట్టలేదు. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. గంటల తరబడి ఎవరి ముఖం గురించి మాట్లాడుకున్నామో ఆ ముఖమే ఎదురుగా కూర్చుని ఉంటే నాకు తెలియలేదు.

"ఈ బొమ్మ తీసింది మీరేనాండీ?"

"అవునమ్మా."

"నా చెప్పులూ సంచీ ఏవండీ? పక్కనే పెట్టుకున్నాను, ఉండాలే?"

నేను బదులు చెప్పలేకపోయాను.

ఆ రోజు గుడి మెట్ల సీను. అరవైమంది జూనియర్ ఆర్టిస్టులు. ఆమెది బిచ్చగత్తె వేషం. రెండు గంటలకు భోజనాలు పెడితే, ఎండకు మట్టి మేకప్పు కారిపోతుందని మలుపు తిరిగి చెట్టు కిందికి వచ్చి కూర్చుంది. అల్యూమినియం గిన్నె ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్ళది. చీర కాస్ట్యూమ్స్ వాళ్ళది. అన్నం ప్రొడక్షన్ వాళ్ళది. ఆ బొమ్మలో ఆమె సొంత వస్తువులు రెండే రెండు. ఆ రెండే నేను కోసేశాను.

"మా వోడు పదో తరగతండి. ట్యూషనుకి ఈ వీధినే వెళ్తాడు. ఎవరో కుర్రాళ్ళు చూసి వాడితో అన్నారంట. నాతో ఏమీ అన్లేదండి. దారి మార్చుకున్నాడంతే. రైలు గేటు చుట్టు వెళ్ళినట్టు అటంతా తిరిగి వెళ్తున్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. నిన్న నేనీ పక్కకొచ్చి చూశాను."

"కానీ అమ్మా, అది సినిమా కోసం వేసిన వేషమే కదా. అబ్బాయికి తెలుసు కదా" అన్నాను. ఎంత తెలివితక్కువ మాట.

"సినిమాలో అదే చీరతో కనపడితే మా ఊళ్ళో పిలిచి చూపించుకుంటారండి. ఆ గుంపులో ఉన్నది మనమ్మాయే అని. అది వేషమని అందరికీ తెలుసు. ఇక్కడ మీరు వేషమని రాయలేదు కదండీ. ఆకలి అని రాశారు."

కాసేపాగి మళ్ళీ తనే అంది. "ఆకలేననుకోండి. రెండయింది కదా. డైరెక్టరు గారిక్కూడా ఆకలే."

ల్యాబు మిత్రుడు నవ్వాపుకోలేకపోయాడు. ఆమె కూడా కొంచెం నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

* * *

ఫొటోల చరిత్ర తెలిసినవాళ్ళకు ఈపాటికి ఇంకొక బొమ్మ గుర్తొచ్చే ఉంటుంది. 1936లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని నిపోమో అనే చోట బఠాణీలు కోసే కూలీల మకాములో డొరోథియా లాంగ్ తీసిన బొమ్మ. చెంపకు చేయి ఆన్చి దూరంగా చూస్తున్న తల్లి, రెండు భుజాల మీదా ముఖాలు దాచుకున్న పిల్లలు. ఆ దేశపు ఆర్థిక మాంద్యానికి ఆ ముఖమే గుర్తుగా నిలిచిపోయింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. వయసు ముప్పై రెండు అని రాసుకుంది. నలభై రెండేళ్ళ తరవాత, 1978లో, ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని, చెరొకీ తెగ మనిషి అని లోకానికి తెలిసింది. ఆ బొమ్మ తీయకుండా ఉంటే బాగుండేదన్నది ఆమె మనసులో మాట. దాని వల్ల తనకు దమ్మిడీ రాలేదనీ చెప్పుకుంది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాసిన మాట అబద్ధమని ఆ కుటుంబం అంది. పిల్లలకు చాలా కాలం ఆ బొమ్మ ఒక అవమానం. 1983లో ఆమె మంచాన పడినప్పుడు వైద్యానికి సాయం అడిగితే, బొమ్మను ప్రేమించిన జనం నుంచి డబ్బూ ఉత్తరాలూ వచ్చి పడ్డాయి. అవి చదివాకే అమ్మ బొమ్మను వేరే కళ్ళతో చూడగలిగామని పిల్లలన్నారు.

లాంగ్ చెడ్డ మనిషి కాదు. ఆ బొమ్మలు పత్రికలో రాగానే ఆ మకాముకు ప్రభుత్వం తిండి సామాను పంపింది. మంచి ఉద్దేశంతో తీసిన మంచి బొమ్మ ఒక మనిషిని నలభై ఏళ్ళు నొప్పించగలదన్నదే నన్ను కలవరపెట్టే సంగతి. నా బొమ్మ వల్ల ఎవరికీ ఒక బియ్యపు గింజ కూడా రాలేదు. మా అయిదుగురికి గంటన్నర సంతోషం వచ్చింది. అంతే.

చట్టం మాట అడిగేవాళ్ళు ఉంటారు. న్యూయార్కులో ఫిలిప్ లోర్కా డికోర్సియా అనే ఆయన టైమ్స్ స్క్వేర్‌లో నడిచిపోయే వాళ్ళ ముఖాలను వాళ్ళకు తెలియకుండా తీసి ప్రదర్శించాడు. అందులో ఒక వృద్ధుడు, తన మత విశ్వాసానికి ఇది విరుద్ధమని దావా వేశాడు. అది కళ, దానికి అనుమతి అక్కర్లేదు అని 2006లో కోర్టు దావా కొట్టేసింది. మన దేశంలోనూ వీధిలో నడిచే మనిషి ఫొటో తీయకూడదని సూటిగా చెప్పే చట్టం లేదు. ఆడవాళ్ళ ఏకాంతాన్ని దొంగచాటుగా తీయడం 2013 నుంచి నేరం. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో చెప్పింది. వీటిలో దేని ప్రకారం చూసినా నేను తప్పు చేసినట్టు లేదు. ఆమె నా మీద ఫిర్యాదు చేయడానికి రాలేదు. తన చెప్పులు అడగడానికి వచ్చింది. దానికి ఏ చట్టంలోనూ సెక్షను లేదు.

* * *

బొమ్మ ఆ క్షణమే అద్దంలోంచి తీసేశాం. చింపేయబోతే ఆమే వద్దంది. "బొమ్మ బాగుందండి. పేరే బాగాలేదు."

ఏం చేయమంటారని అడిగాను. వచ్చే ఆదివారం షూటింగు లేదు, అబ్బాయిని తీసుకొస్తాను, ఒక మంచి ఫొటో తీయండి, అదీ ఈ అద్దంలోనే పెట్టండి, అంది.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. ఆమె పట్టుచీర కట్టుకుంది. అబ్బాయి స్కూలు యూనిఫారమే వేసుకున్నాడు. అదే బాగుంటుందని వాళ్ళమ్మ వేయించిందట. నా కెమెరా కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూశాడు. నమస్కారం పెట్టలేదు. పెట్టకపోవడమే న్యాయంగా తోచింది నాకు. ల్యాబులో నీలం తెర ముందు రెండు కుర్చీలు వేస్తే, ఆమె వాడిని కూర్చోబెట్టి తాను వెనక నిలబడి భుజం మీద చేయి వేసింది. గడ్డం కొంచెం పైకెత్తింది. కళ్ళు సూటిగా లెన్సులోకి. జీవితంలో నేను తీసిన మొదటి పోజు ఫొటో అది. కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయారు. మా జట్టులో ఎవరూ దాన్ని బల్ల మీద పెట్టనిచ్చేవారు కాదు.

కానీ అది కడిగి వచ్చాక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మేం పోజును అబద్ధమనుకునేవాళ్ళం. మనిషి తనను ఎలా చూడాలో తానే చెప్పుకునే మాట పోజు. గడ్డం ఎంత ఎత్తాలో, చేయి ఎక్కడ వేయాలో, ఏ చీర కట్టాలో ఆమె నిర్ణయించుకుంది. నేను చేసింది మీట నొక్కడమే.

రాజా దీన్ దయాళ్ గుర్తొచ్చాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. సికింద్రాబాదులో 1886లో స్టూడియో పెట్టాడు. పరదా చాటున ఉండే స్త్రీలు మగవాడి కెమెరా ముందుకు రారని, 1892లో హైదరాబాదులో వాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతికి అప్పగించాడు. దీన్ దయాళ్ బొమ్మలన్నీ కదలని, అమర్చిన బొమ్మలని మేం తీసిపారేసేవాళ్ళం. కెమెరాకు ఇటువైపు ఎవరుండాలి అని అటువైపు మనిషి తరఫున ఆలోచించినవాడు నూట పదిహేనేళ్ళ కిందటే మన ఊళ్ళో ఉన్నాడని మాకు తట్టలేదు.

ఆ తల్లీకొడుకుల ఫొటో ఆ అద్దంలో ఏడాది పైనే ఉంది. దాని కింద ఏ పేరూ రాయలేదు. అబ్బాయి మళ్ళీ ఆ వీధినే వెళ్తున్నాడా అని ల్యాబు మిత్రుణ్ణి అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.

* * *

ఇప్పుడు ఆ ల్యాబు లేదు. మా జట్టూ లేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా 2019 నుంచి మెట్రో నడుస్తోంది. దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వచ్చాక, సాయంత్రాలు అక్కడ ఒకరి ఫొటోలో ఒకరు పడకుండా నడవడం కుదరదు. అందరి చేతుల్లోనూ కెమెరా ఉంది. బస్సులో నిద్రపోయిన మనిషి, ట్రాఫిక్కులో స్కూటర్ మీద ఏడుస్తున్న అమ్మాయి, హోటల్లో ఒంటరిగా తింటున్న ముసలాయన, అందరూ తమకు తెలియకుండానే ఎవరి నవ్వుకో, ఎవరి జాలికో పనికొస్తున్నారు. ప్రతి బొమ్మ కిందా ఎవరో ఒకరు ఒక పేరు రాస్తున్నారు.

మనుషులే కాదు. కొండకు అటువైపు, బంజారాహిల్స్ పన్నెండో నంబరు రోడ్డులో 2022 ఆగస్టులో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటరు మొదలైంది. ఊరంతటి కెమెరాల కళ్ళూ అక్కడికి చేరతాయి. అంతకు ముందే, 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయమని, వద్దంటున్నా ఫొటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, ఏం చేస్తారు అని అడిగితే సమాధానం లేదు. ఆయన హైకోర్టుకు వెళ్ళారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నా మనసు ఎటు వెళ్ళిందో మీరు ఊహించగలరు. నల్ల టేపు అంటించిన నా చిన్న కెమెరాకూ ఆ పెద్ద కళ్ళకూ పోలిక లేదు అని చెప్పుకోవచ్చు. అధికారం వేరు, ఉద్దేశం వేరు. కానీ అటువైపు నిలబడ్డ మనిషి అడిగే ప్రశ్న మాత్రం ఒకటే. నా ముఖం తీసుకుని దాని కింద ఏం రాస్తారు?

నేను ఫొటోలు మానలేదు. చెప్పకుండా తీయడమూ పూర్తిగా మానలేదు. చెబితే ఆ ఆగిన ముద్ద ఉండదు, నాకు తెలుసు. వీధిని, పనిని, అలసటను ఎవరో ఒకరు అలా పట్టుకోకపోతే రేపటివాళ్ళకు మిగిలేవి పెళ్ళి ఆల్బములూ హీరోల పోస్టర్లే. వరంగల్లు భరత్ భూషణ్ ఊళ్ళు తిరిగి తీయకపోయి ఉంటే తెలంగాణ పల్లె బతుకులోని ఎన్ని ఘడియలు చూసేవాళ్ళం? 2022లో ఆయన పోయినప్పుడు అనిపించింది, ఆయన బొమ్మల్లో ఉన్నది కెమెరా కన్నా ముందు ఆ మనుషులతో ఉన్న పరిచయమని. అందుకని తీశాక ఆగుతున్నాను. వెళ్ళి చూపిస్తున్నాను. వద్దంటే తీసేస్తున్నాను. పేరు మాత్రం నేను పెట్టడం మానేశాను. ఎంత వెతికినా నాకు దొరికిన నియమం ఇంతే. ఇది చాలదని కూడా తెలుసు.

నెగెటివు నా దగ్గరే ఉంది. వాళ్ళు ఇల్లు మారేముందు ఆమె ఒకసారి వచ్చి ఆ బొమ్మ పూర్తి ప్రింటు ఒకటి అడిగింది. కోయకుండా వేయించాను. కుడి మూలలో చెప్పులు, సంచీ, మడిచిన రుమాలు. నిజం చెప్పాలంటే అవి ఉంటేనే బొమ్మ బాగుంది. బిచ్చగత్తె వేషంలో ఉన్న ఒక మనిషి కొత్త చెప్పులు జాగ్రత్తగా పక్కన విడిచి, పని మధ్యలో అన్నం తింటూ, ముద్ద ఆపి ఏదో ఆలోచిస్తోంది. ఆ ఆలోచన ఏమిటో నేను అడగలేదు.

వెనక ఏమైనా రాసివ్వమంది. ఏం రాయమంటారని అడిగాను. ఆమె చెప్పింది, నేను రాశాను.

"షూటింగు భోజనం. ఫిల్మ్ నగర్. 2007."